హాంప్‌షైర్‌లో విల్లు చెక్కడం, పోర్ట్స్‌మత్‌లో విల్లు చూడటం

ఇంగ్లండ్ వెళ్లింది పోర్ట్స్‌మత్‌లో ఒక పాత యుద్ధనౌక విల్లులున్న మ్యూజియం చూడాలని. సౌతాంప్టన్‌లో ఉండే మా తమ్ముడు మాత్రం "అన్నా, ముందు మనమే ఒక విల్లు చేద్దాం, మ్యూజియం ఎక్కడికీ పోదు" అని హాంప్‌షైర్‌లో ఒక పల్లెకి తీసుకెళ్లాడు. రేకుల షెడ్డు, సన్నగా వాన, నేల నిండా చెక్కపేళ్లు. నేర్పించే పెద్దాయన మాటలు తక్కువ, చూపులు ఎక్కువ.

మాకిచ్చినవి యాష్ చెట్టు బద్దలు. వాటిని రంపంతో కోయలేదు, మేకులు దిగగొట్టి చీల్చారు. చీల్చితే చెక్క తన పోగు వెంబడే విడిపోతుంది. రంపం పోగుల్ని అడ్డంగా తెంపేస్తుంది, విల్లు వంచినప్పుడు అక్కడే పేలుతుంది. గురి వైపు ఉండే ముఖాన్ని వీపు అంటారు, మన వైపు ఉండేది పొట్ట. వీపు మీద ఒకే ఏటి వలయం ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉండాలి. అందుకే అక్కడ కత్తి పెట్టనివ్వలేదు, బెరడు మాత్రం ఒలిపించారు. పని అంతా పొట్ట వైపే. కాలితో తొక్కితే చెక్కను కరిచిపట్టుకునే బల్ల మీద కూర్చుని, రెండు పక్కలా పిడులున్న కత్తిని ఒంటివైపు లాక్కుంటూ చెక్కాలి. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. దాన్ని టిల్లరింగ్ అంటారు. విల్లును గోడకున్న కొయ్యకి తగిలించి, కప్పీ తాడుతో నారిని కొద్దికొద్దిగా కిందికి లాగి, వెనక్కి నిలబడి వంపు చూడాలి. బిర్రుగా ఉన్న చోట ఉక్కు రేకుతో గీకాలి, ఎక్కువ వంగుతున్న చోట పెన్సిల్ గీత పెట్టి దాని జోలికే పోకూడదు. గీకిన ప్రతిసారీ చాలాసార్లు లాగి వదిలితే గానీ చెక్క తన కొత్త వంపు చూపించదు. ఇంత జాగ్రత్త ఎందుకో పెద్దాయన లెక్క కట్టి చెప్పాడు: వెడల్పు సగం చేస్తే బిర్రు సగమే తగ్గుతుంది, మందం సగం చేస్తే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంటే గోరంత గీకినా తేడా కొండంత. ఒక చోట పలచబడితే వంపు భారమంతా అక్కడే పడుతుంది. పక్క బల్ల మీద కుర్రాడి విల్లు సరిగ్గా అలాగే ఫట్‌మని విరిగింది. సీతాకల్యాణం నాటకంలో ముందే కోసిపెట్టిన శివధనుస్సు కూడా అంత చప్పుడు చెయ్యదు!

ఇదంతా అయ్యాక పోర్ట్స్‌మత్ వెళ్లడం మంచిదైంది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ 1545 జూలై 19న ఫ్రెంచి వాళ్లతో పోరులో అక్కడికి దగ్గర్లోనే మునిగిపోయింది. 1982లో పైకి తీశారు. అందులో దొరికిన విల్లులు 172, వాటిలో 137 పూర్తిగా ఉన్నాయి. అన్నీ యూ అనే చెట్టువి. యూ బద్దలో పై తెల్ల చెక్క సాగుడుకి తట్టుకుంటుంది, లోపలి ఎర్ర చేవ నొక్కుడుకి తట్టుకుంటుంది. వీపూ పొట్టా రెండూ చెట్టే ఇచ్చేస్తుందన్నమాట. చెక్కలో కొమ్మ ముడి ఉన్న చోట చదును చెయ్యకుండా చెక్కను ఎత్తుగా వదిలేశారు. ముందు రోజైతే అది పనితనం లోపం అనుకునేవాణ్ణి. కొసల్లో రంగు వెలిసిన భాగం ఉంటుంది, అక్కడ నారి తగిలించే కొమ్ము తొడుగులు ఉండేవి, దాదాపు అన్నీ సముద్రంలో కరిగిపోయాయి.

ఇంగ్లండ్ యూ చెట్లు చాలక 1472లో ఒక చట్టమే చేశారు: సరుకుతో వచ్చే ఓడలు ప్రతి టన్ సరుకుకీ నాలుగు విల్లు బద్దలు తేవాలి.

ఆ విల్లులు లాగడానికి 100 నుంచి 185 పౌండ్ల దాకా బలం కావాలని అంచనా. నాది 35. ఓడలో దొరికిన కొన్ని అస్థిపంజరాల్లో భుజం ఎముక కొస అతుక్కోకుండా విడిగా ఉంది, చిన్నప్పటి నుంచి బరువైన విల్లు లాగడం వల్లే కావచ్చంటారు పరిశోధకులు. ఆ ఎముకలున్న అద్దాల పెట్టె ముందు నిలబడి తమ్ముడు నా భుజం నొక్కి చూశాడు.

నా విల్లు తమ్ముడి దగ్గరే ఉంచాను, ఆరడుగుల కర్ర నా సూట్‌కేసులో పట్టదు. అవిసె నూనె పట్టించమనీ, వాడనప్పుడు నారి దింపెయ్యమనీ చెప్పాను. వాడు నారి ఎక్కించే ఉంచి ఫోటో పంపాడు.