మోచేతి ముక్క

జనవరిలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే హీటర్‌లోంచి చల్లగాలి కొట్టింది. బయట మైనస్ 12. ఇంటికొచ్చి కారు ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి, మాడిన బెల్లం పాకం లాంటి వాసన. కింద మంచు మీద నారింజ రంగు మరక పాకుతోంది.

నాది 2003 బ్యూక్ లెసేబర్. మిషిగన్‌లో ఎమ్మెస్ అయ్యాక కొన్నాను. కాంట్రాక్టు ఉద్యోగం, ప్రాజెక్టు ఎన్నాళ్లుంటుందో తెలీదు, ఐదేళ్ల లోను నెత్తిన పెట్టుకునే ధైర్యం లేదు. దీని 3800 ఇంజన్ మొండిదని ఇక్కడ పేరు. మాకు గంట దూరంలోని ఫ్లింట్‌లో తయారయ్యేది, 2008లో ఆపేశారు. మొండిదే, ఒప్పుకుంటాను. దాని ముందు భాగంలో కూర్చున్న రెండు ప్లాస్టిక్ ఎల్బోలే మొండివి కావు. ఎల్బో అంటే మోచేతిలా వంగిన గొట్టం ముక్క, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ద్రవం అందులోంచి పారుతుంది. ఒకటి ఇంజన్‌కి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి, ఇంకొకటి ఇంజన్ ముందు కవర్‌లోకి దిగుతాయి. రెండో కొసలు బెల్టు టెన్షనర్ బ్రాకెట్‌లో ఉంటాయి. మరలు లేవు, క్లాంపులు లేవు, అంతా ఓ-రింగులనే రబ్బరు చుట్ల పట్టే. ఇరవై ఏళ్లు వేడిలో ఉడికి, ముట్టుకుంటే బిస్కెట్‌లా పొడైపోతాయి.

గ్యారేజీలో అడిగితే 520 డాలర్లన్నారు. ముక్కల ఖరీదు 20 లోపే. మిగిలిందంతా కూలి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. చిన్నప్పుడు నేను షెడ్డుకి వెళ్తే పానా ముట్టుకోనిచ్చేవాడు కాదు, ‘నీకెందుకురా, పోయి చదువుకో’ అని తరిమేవాడు. చదువుకున్నాను. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ కూలింగ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. కూలెంట్ ఎన్ని డిగ్రీలుందో స్క్రీన్ మీద రోజంతా చూస్తాను. చేతికి అంటింది మాత్రం అప్పుడే.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని లీజులో రాసుంది. అందుకని శనివారం పొద్దున కారుని టో చేయించి పాత రూమ్మేటు ఇంటి గ్యారేజీలో పెట్టాం. వాట్సాప్‌లో నాన్నని పిలిచాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, కంచం ముందున్నాడు.

"ప్లాస్టిక్‌దా? ఇంజన్‌కి ప్లాస్టిక్ పెట్టిందెవడ్రా?"

"కంపెనీ వాళ్లే నాన్నా."

"లేత్ వాడి దగ్గరికి పట్టుకెళ్లు. ఇత్తడిలో గంటలో తీసిస్తాడు."

ఇక్కడ పక్క సందులో లేత్ వాడు ఉండడని చెబితే, మరేం ఊరురా అది అన్నాడు. స్పేర్ పార్టుల షాపులో అల్యూమినియం ఎల్బోలు దొరికాయని చూపించాక కాస్త శాంతించాడు.

కూలెంట్ పళ్లెంలోకి దించాం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి. మూత పెట్టేదాకా మావాడు దానికి కాపలా. బెల్టు తీసేముందు అది ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫోటో తీసుకోమన్నాడు నాన్న. ఆల్టర్నేటర్, బ్రాకెట్ విప్పేసరికి రెండు గంటలు. ఎల్బోలు రెండూ విరిగి, మొదళ్లు కన్నాల్లోనే ఉండిపోయాయి.

"స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకు. ముందు లోపలికి గుడ్డ కుక్కు. ముక్క లోపల పడిందంటే మళ్లీ దొరకదు."

గుడ్డ కుక్కి, హాక్సా బ్లేడు ముక్కతో నిలువుగా గీరి, లోపలికి వంచి ఒక్కో పెంకూ పట్టకారుతో లాగాను. వేళ్లు కొంకర్లు పోయాయి. గంటన్నర సేపు నాన్న ఫోన్ పెట్టలేదు, నోరూ మెదపలేదు. ఆయన భోజనం సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు.

కొత్తవి ఓ-రింగులకి కాస్త కూలెంట్ రాసి నొక్కితే కూర్చున్నాయి. పోసేటప్పుడు మళ్లీ గొడవ.

"నీళ్లు పొయ్యరా, అంత డబ్బెందుకు?"

"ఉత్త నీళ్లయితే గడ్డకట్టి ఇంజన్ బ్లాక్ పగుల్తుంది నాన్నా. కూలెంట్, నీళ్లు సగం సగం కలపాలి."

ఆయనకి తెలియని విషయం ఆయనకి చెప్పడం అదే మొదటిసారి. "అట్లాగా" అని ఊరుకున్నాడు.

థర్మోస్టాట్ దగ్గరున్న చిన్న స్క్రూ వదులు చేసి గాలి వదిలాం. హీటర్ వేడిగా కొట్టింది. రాత్రికి కారు కింద అట్టముక్క పెట్టాను, పొద్దున చూస్తే పొడిగా ఉంది. మూడో రోజు ఇంజన్ చల్లారాక చూస్తే అర లీటరు తగ్గింది. టెన్షన్ పడి ఫోన్ చేశాను.

"లోపల గాలుంటే దిగుతుందిలే. పోసి, వారం చూడు," అన్నాడు. ఆ తర్వాత, "ఆ పాత ముక్కలు పారేశావా? ఈసారి వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా, మనవాళ్లకి చూపిస్తా," అన్నాడు.