మూడేళ్లు ఆగితేగానీ అమ్మలేని వైన్: బరోలోలో ఒక కుటుంబం తోట

అక్టోబర్‌లో ఇటలీలోని ఆల్బా వెళ్లాలనుకుంటే ముందు గది చూసుకోండి. ఆ నెలంతా అక్కడ తెల్ల ట్రఫుల్స్ (నేల కింద పెరిగే ఖరీదైన పుట్టగొడుగుల్లాంటివి) సంత, హోటళ్లన్నీ నిండిపోతాయి. మేం వెళ్లింది ట్రఫుల్స్ కోసం కాదు, బరోలో వైన్ తయారయ్యే నెబ్బియోలో ద్రాక్ష కోత చూద్దామని. ట్యూరిన్ నుంచి రైల్లో ఆల్బా, అక్కడి నుంచి కొండలెక్కే బస్సు. పొద్దున్నే పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, కిటికీలోంచి రోడ్డు అంచు తప్ప ఏమీ కనిపించలేదు. లా మొర్రా అనే ఊరి దగ్గర మంచు కాస్త విడిచాక చూస్తే ఎటు చూసినా ద్రాక్ష వరుసలే, వాలుకి తగ్గట్టు ఒక్కో కొండ మీద ఒక్కో దిక్కుకి తిరిగి. ఈ లాంగే కొండల్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మేం వెళ్లిన వైనరీకి బోర్డు కూడా సరిగ్గా లేదు. ఇల్లు, ఇంటి కింద సెల్లార్, పక్కన ట్రాక్టర్ షెడ్డు, అంతే. తండ్రి, కూతురు, అల్లుడు, కోతల టైంలో ఇంకో నలుగురైదుగురు కూలీలు. పెద్దాయనకి ఇంగ్లిష్ రాదు, ఆయన చెప్పేదంతా కూతురే మాకు చెప్పేది, మధ్యమధ్యలో ఇద్దరూ వాదించుకోవడం కూడా.

అన్నీ కలిపినా అయిదు హెక్టార్లు లేని తోట, అదీ ఒక్కచోట కాదు, మూడు వాలుల్లో ముక్కలు ముక్కలుగా. వాటాలు పంచుకున్నప్పుడల్లా అలా చీలుతూ వచ్చిందట. ఇప్పుడు బరోలోలో మంచి వాలు మీద హెక్టారు పది లక్షల యూరోలు దాటుతోంది, దాంతో అన్నదమ్ముల్లో ఒకరు అమ్మేద్దామంటే మిగిలినవాళ్లు కొనలేరు, వద్దనీ అనలేరు. వైన్ గురించి వచ్చే వ్యాసాల్లో రుచుల వర్ణన చదివాను గానీ, ఈ సంగతి ఎవరూ రాయగా చూడలేదు. నాకైతే ఆ రోజు విన్నవాటిలో అసలు విషయం ఇదే అనిపించింది.

తోటలో నేల బూడిద రంగు సున్నపుమట్టి, తడిస్తే బూట్లకి పట్టుకుని వదలదు. దక్షిణానికి తిరిగిన మంచి వాలంతా నెబ్బియోలోకే. ఉత్తరానికి తిరిగిన వాలులో పండినదాన్ని బరోలో అని పిలవడానికి వీల్లేదు, నిబంధనే అలా ఉంది. అలాంటి చల్లటి చోట్ల హేజెల్‌నట్ చెట్లు, లేదా త్వరగా పండే డొల్చెట్టో అనే ద్రాక్ష. ఆకుల మీద నీలం మరకలు చూసి ఏంటని అడిగితే మైలుతుత్తం, సున్నం అన్నారు, అంటే రైతులందరికీ తెలిసిన బోర్డో మిశ్రమమే. ఆ మందు పుట్టింది కూడా ద్రాక్షతోటల్లోనేగా, 1880ల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైపు.

హెక్టారుకి ఎనిమిది టన్నులకి మించి పండించకూడదు. అందుకే ఎండాకాలంలో కొన్ని పచ్చి గుత్తులు కోసి కింద పడేస్తారు, మిగిలినవి బాగా పండాలని. పెద్దాయన తండ్రికి ఈ పని చూస్తే ఒళ్లు మండేదట, ఆకలి చూసిన తరం కదా, కాయని నేలపాలు చేయడమేంటని గొడవ. వడగళ్లంటే మాత్రం అందరికీ భయమే. ఒక్క మబ్బు వచ్చి ఈ వాలుని ఊడ్చేసి, పక్క వాలుని ముట్టుకోకుండా పోతుందిట.

సెల్లార్‌లోకి దిగితే తలుపులన్నీ తెరిచి, ఫ్యాన్లు పెట్టి ఉన్నాయి. రసం పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ నేల మీదే పేరుకుంటుంది, అజాగ్రత్తగా ఉంటే ప్రాణాలకే ముప్పు. తొక్కలన్నీ తేలి పైన మందంగా గడ్డకడతాయి, అడుగు నుంచి రసం పంపుతో తోడి వాటి మీద పోస్తూ ఉండాలి. రంగూ, వగరూ రెండూ ఆ తొక్కల్లోంచే దిగాలి మరి.

అక్కడి నుంచి వైన్ పెద్ద ఓక్ పీపాల్లోకి పోతుంది, ఒక్కోటి కొన్ని వేల లీటర్లు. ఈ పీపాల మీద 1980ల్లో మొదలై బరోలోలో పెద్ద యుద్ధమే నడిచింది. కొత్త తరం వాళ్లు 225 లీటర్ల చిన్న ఫ్రెంచ్ పీపాలు, బారిక్‌లు, కావాలన్నారు. లా మొర్రాలో ఎలియో అల్తారె అనే వైన్ తయారీదారు అయితే తండ్రి పాత పీపాల్ని రంపంతో కోసేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అవతలి పక్షాన, పెద్ద పీపాలే కావాలన్న తయారీదారు బార్తొలో మస్కరెల్లో సీసా లేబుల్ మీదే 'బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు' అని, ఇటలీ రాజకీయ నాయకుణ్ణి కూడా కలిపి, రాసి పెట్టాడు. మీరెటువైపు అని అడిగితే కూతురు నవ్వేసింది, పెద్దాయన ఏమీ అనకుండా పెద్ద పీపా మీద చెయ్యి వేశాడు. మూల రెండు బారిక్‌లు కూడా ఉన్నాయి, వాటి సంగతి నేనూ అడగలేదు.

డబ్బు లెక్క వింటే టెన్షన్ మనకే వస్తుంది. బరోలోని కనీసం 38 నెలలు ఆపాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలోనే. ఇంకా ఎక్కువ కాలం ఆపే రకం, రిజెర్వా, అయితే 62 నెలలు. అంటే ఇవాళ కోసిన కాయకి కూలీ ఇవాళే ఇవ్వాలి, దాని మీద మొదటి యూరో మూడేళ్లు దాటాక గానీ రాదు. ఈలోపు ఇల్లు గడిచేది డొల్చెట్టో, బార్బేరా అనే వేరే ద్రాక్షల వైన్ల మీద, వాటిని త్వరగా సీసాల్లో పోసి అమ్మేసుకోవచ్చు. ఊరికి పేరు తెచ్చింది బరోలో అయితే, కరెంటు బిల్లు కట్టేది డొల్చెట్టో అన్నమాట.

ఇక రుచి. రంగు చూసి పల్చటి వైన్ అనుకుంటాం, గ్లాసుకి అవతల వేళ్లు కనిపించేంత పల్చన. వాసన గులాబీ, దాని వెనకే తారు. నోట్లో పోసుకున్నాక మాత్రం చిగుళ్లు పట్టేసే వగరు, పచ్చి జామపిందె కొరికినట్టు. ఆ తర్వాత పదేళ్లు దాటినది పోశారు, అదే తోట, అదే ద్రాక్ష, కానీ వగరంతా ఎక్కడో సర్దుకుని ఎండుటాకుల వాసన, చివర్లో కొంచెం తీపి భ్రమ. రెండూ పక్కపక్కన తాగితే గానీ ఈ ఎదురుచూపు ఎందుకో తెలియదు. మొదటిదే ఇచ్చి పంపేసి ఉంటే నేను డొల్చెట్టోకే ఓటేసేవాణ్ణి.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. చిన్న వైనరీలకి ముందే మెయిల్ పెట్టండి, నేరుగా వెళ్తే తలుపు తీసే తీరిక ఉండదు, కోతల్లో అసలే ఉండదు. తీరిగ్గా మాట్లాడాలంటే నవంబర్ చివర్లో వెళ్లండి. ఇటలీలో డ్రైవింగ్‌కి రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకి 0.5 గ్రాములు, కాబట్టి కారైతే డ్రైవర్ ఉమ్మేయడానికి బకెట్ అడగాలి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. బస్సైతే ఆ గొడవ లేదు, కానీ సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో తాగకముందే కనుక్కోండి.