స్ట్రాంగ్‌హోల్డ్ డెమో ఆడాను, గాదె చుట్టూనే తిరిగాను

స్ట్రాంగ్‌హోల్డ్ అని కోటలు కట్టి యుద్ధం చేసే గేమ్ ఉంది కదా, ఫైర్‌ఫ్లై స్టూడియోస్ వాళ్లు 2001లో తెచ్చింది, దాన్నే గ్రాఫిక్స్ అవీ మార్చి 2023లో డెఫినిటివ్ ఎడిషన్ అని మళ్లీ రిలీజ్ చేశారు. దాని డెమో ఫ్రీగా దొరికితే డౌన్‌లోడ్ చేసుకుని కూర్చున్నాను, పక్కన మా బావమరిది, అన్నాల వేళ దాటిపోయినా ఇద్దరం లేవలేదు.

నాకు యుద్ధం కన్నా దాని ముందు జరిగేదంతా తెగ నచ్చేసింది. ఒక్క రొట్టె సంగతే చూడండి. రైతు గోధుమ పండించి కోసి మోసుకొచ్చి నిల్వ చోట పడేయాలి, అక్కణ్ణించి మిల్లు కుర్రాళ్లు పట్టుకెళ్లి పిండి చేసి మళ్లీ తెచ్చి పెట్టాలి, ఆ పిండి బేకరీకి వెళ్లి రొట్టెలై గాదెలోకి చేరాలి. మిల్లు దూరంగా కట్టేమా, సగం టైము నడకకే పోద్ది. సైనికులూ ఊరికే రారు, మంట చుట్టూ ఖాళీగా కూర్చున్న జనంలోంచే విలుకాడిని తీసుకోవాలి, వాడికి విల్లు కావాలి, విల్లుకి కర్ర కావాలి, పైన బంగారం. రేషన్ సగానికి కోసి చూద్దాం బావా అన్నాడు మావాడు. కోశాం. పాపులారిటీ, అంటే జనానికి మన మీద ఎంత ఇష్టముందో చూపే అంకె, దిగుతూ దిగుతూ 50 కిందకి రాగానే జనం ఒక్కొక్కరే కోట వదిలి పోవడం మొదలెట్టారు, గోడలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి!

అప్పుడు నాకు ఉదయగిరి గుర్తొచ్చింది. మాది ఒడిశాలో పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒకప్పుడు ఒడిశాని ఏలిన గజపతి రాజుల కథలు వింటూ పెరిగినోళ్లం. నెల్లూరు వైపు ఆ కొండకోట అప్పట్లో ప్రతాపరుద్ర గజపతిది, కృష్ణదేవరాయలంతటివాడు 1513లో ముట్టడేస్తే 1514లో గానీ చేతికి రాలేదు, దగ్గర దగ్గర ఏడాదిన్నర. కొండరాళ్లు పగలగొట్టించి సైన్యానికి దార్లు వేయించాడంటారు. ఆ తర్వాతే 1515లో కొండవీడు, ఆ పై ఏడాది మన సింహాచలం దాకా వచ్చాడు. స్కూల్లో ముట్టడి అని ఒక్క మాటలో చదివేసి పేజీ తిప్పేసేవాళ్లం, లోపల ఎంతమంది ఉన్నారు, గాదెలో ఎన్నాళ్లకి సరిపడా గింజలున్నాయి, నీళ్లెక్కడివి, బయట అన్నాళ్లు కూర్చున్న సైన్యానికి తిండి ఎవరు మోశారు, ఇవన్నీ ఎవరూ అడగలేదు, చెప్పలేదు. ఈ డెమో ఆడాక అవే ప్రశ్నలు బుర్రలో తిరుగుతున్నాయి.

లోటల్లా ఏటంటే అంతా యూరప్ కోటలే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే ఇంకో యుద్ధాల గేమ్‌కి 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అని అదనపు భాగం వచ్చింది, ద్రవిడియన్స్, బెంగాలీస్ ఉన్నారు, ఏనుగులూ ఉన్నాయి, గానీ పేరులోనే ఏనుగు పెట్టుకున్న గజపతులు విడిగా లేరు, అది నాకు నిజంగా బాధే. గేమ్స్ చేసే తెలుగు కుర్రాళ్లు, ఒడియా కుర్రాళ్లు ఎవరైనా ఇది చదివితే ఉదయగిరి మ్యాప్ ఒక్కటి చెయ్యండి బాబూ, గోధుమ బదులు వరి పెట్టండి, ఉభాలు (వరినాట్లు) మొదలుకొని దంపుడు దాకా ఏ పనికి ఎంతమంది కావాలో మా అమ్మని అడిగి రాసి పంపిస్తాను.