మా తమ్ముడి సెస్నాకి కొత్త ప్యానెల్

మన నెల్లూరు దగ్గరి దగదర్తి ఎయిర్‌పోర్టు ఎప్పటికి తేలుతుందో గానీ, టెక్సాస్‌లో మా తమ్ముడి 1967 నాటి చిన్న విమానం, సెస్నా 172కి కొత్త ప్యానెల్ (పైలట్ ముందుండే మీటర్ల బోర్డు) పడింది. సెలవు పెట్టుకుని వెళ్తే నాకు దక్కిన పని, ప్యానెల్ వెనక తల దూర్చి పాత వైర్లు లాగడం, సగం తీగలు ఎక్కడికీ కలవనివే! విమానం వంపు, దిశ చూపించే, వాక్యూమ్ పంపుతో తిరిగే గైరోలు తీసేసి, బ్యాటరీ బ్యాకప్ ఉన్న గార్మిన్ జీ5 డిజిటల్ డిస్‌ప్లేలు రెండు పెట్టారు, ఆ పంపు గాల్లో చచ్చిపోతే ఎట్టా అన్న టెన్షన్ ఇక లేదు, ఖర్చు మొత్తంలో నాకు సబబుగా అనిపించింది ఇదొక్కటే. నేల మీది రేడియో స్టేషన్ ఏ దిక్కున ఉందో చూపే ఏడీఎఫ్ పీకేశాం. అక్కడ 2020 నుంచి చాలా ఎయిర్‌స్పేస్‌లో ఏడీఎస్-బీ (విమానం తానెక్కడుందో తానే ప్రసారం చేసే పద్ధతి) తప్పనిసరి కాబట్టి ఆ సిగ్నల్ పంపే ట్రాన్స్‌పాండర్ కూడా కొత్తదే. చివర్లో మెకానిక్ సంతకాలు, మళ్లీ బరువు లెక్కలు. పాత రేడియో నెల్లూరు తెచ్చుకున్నా, అమ్మ తిప్పి చూసి "దీంట్లో వివిధభారతి వస్తాదా?" అంది.