పట్టు కంటే ముందు తల చూసుకోవాలి

సంక్రాంతికి పాకాల దగ్గర మా అక్కవాళ్ళ ఊళ్ళో కబడ్డీ పోటీలు జరిగాయి. మా మేనల్లుడికి పదహారేళ్ళు, కవర్‌లో, అంటే రైడర్‌ని పట్టేవాళ్ళలో ఒకడిగా ఆడతాడు. అవతలి కుర్రాడు కూతకు వచ్చి వెనక్కి తిరిగేలోపు వీడు ఒకవైపు నుంచి, వీడి జట్టువాడే ఇంకోవైపు నుంచి నిటారుగా దూసుకెళ్ళి పట్టబోయారు. రైడర్ సందులోంచి తప్పించుకున్నాడు, మావాళ్ళిద్దరి తలలూ ఢీకొన్నాయి. ఆ చప్పుడు గీత బయట నిలబడిన నాకు వినిపించింది.

వీడు ఒక్క క్షణం కూర్చుండిపోయి మళ్ళీ లేచాడు. ఎవరో మొహం మీద నీళ్ళు కొట్టారు, నిర్వాహకుల్లో ఒకాయన "ఏం కాలేదులే, లెయ్యరా, ఇంకా నాలుగు నిమిషాలే ఉండేది" అన్నాడు. వీడు మళ్ళీ ఆడాడు. నేను ఆపలేదు, ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తోంది. ఆట అయ్యాక బండి మీద వస్తూ "మామా, మనం గెలిచామా?" అని అడిగాడు, చెప్పాను, చంద్రగిరి దాటేలోపు అదే మాట ఇంకో రెండుసార్లు అడిగాడు. నేరుగా తిరుపతిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. స్కాన్‌లో ఏమీ లేదు. కానీ డాక్టర్ చెప్పిందేంటంటే, కన్‌కషన్‌లో, అంటే తల అదిరి మెదడు పని కొన్నాళ్ళు దెబ్బతిన్నప్పుడు, స్కాన్ మామూలుగానే రావచ్చు, స్పృహ తప్పకపోయినా మెదడుకు దెబ్బ తగిలినట్టే, అడిగిందే అడగడం, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఇవన్నీ దాని గుర్తులేనట. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉండి లేపినా లేవకపోయినా వెంటనే తీసుకురమ్మన్నాడు.

ఆ టెన్షన్‌లో రాత్రంతా వాడి పక్కనే కూర్చుని ఫోన్‌లో చదువుతుంటే రగ్బీ విషయాలు కనబడ్డాయి. మనవైపు రగ్బీ చూసేవాళ్ళు తక్కువ, నేనూ అంతంతమాత్రమే. కానీ తల దెబ్బల గురించి వాళ్ళు లెక్కలు కట్టినంతగా తక్కువ ఆటల్లోనే కట్టి ఉంటారు. ప్రొఫెషనల్ మ్యాచుల వీడియోలు పెట్టుకుని తల పరీక్షకు బయటికి పంపిన ఘటనలన్నీ చూస్తే, నాలుగింట మూడు ట్యాకిల్‌లోనే, అంటే బంతి ఉన్నవాడిని పట్టి పడగొట్టేటప్పుడే జరిగాయి. నన్ను ఆశ్చర్యపరిచింది అది కాదు. ఆ ట్యాకిల్ దెబ్బల్లో కూడా ఎక్కువ శాతం తగిలింది పట్టబోయినవాడికే! బంతితో పరిగెత్తేవాడిని కాపాడాలనే మనం అనుకుంటాం, అసలు ప్రమాదం ఎదురెళ్ళేవాడికే ఎక్కువ. అతను నిటారుగా వెళ్తే ఇద్దరి తలలూ ఒకే ఎత్తులో ఉంటాయి. నడుము వంచితే ఆ ముప్పు తగ్గుతుంది.

భుజాల పైన పట్టకూడదన్న నియమం రగ్బీలో ఎప్పటినుంచో ఉంది. అయినా ఛాతీ ఎత్తులో పట్టేవాళ్ళు, ఎందుకంటే అక్కడ పడితే బంతిని పక్కవాడికి అందించకుండా ఆపొచ్చు. ఫ్రాన్స్‌లో 2018లో కుర్రాళ్ళు మైదానంలో దెబ్బలు తగిలి చనిపోయాక, 2019 నుంచి అమెచ్యూర్ ఆటలో నడుము పైన పట్టకూడదన్నారు. ఇంగ్లండ్ 2023 జనవరిలో అదే ప్రకటిస్తే ఆటగాళ్ళు గొడవ చేశారు, చివరికి రొమ్ము ఎముక కింది అంచు వరకు అని సర్దుకున్నారు. గొడవలో న్యాయం లేకపోలేదు. మరీ కిందికి వంగితే తల మోకాలికో తుంటికో తగులుతుంది. అందుకే తల ఎక్కడ పెట్టాలో కూడా నేర్పుతారు: కళ్ళు పైకి, భుజం ఆనాలి, తల వాడి శరీరానికి పక్కన ఉండాలి, ఎదురుగా ఎప్పుడూ రాకూడదు. తలకు తొడిగే మెత్తటి టోపీ కోతలనీ చెవులనీ కాపాడుతుంది గానీ కన్‌కషన్‌ను ఆపుతుందని నమ్మకూడదు, ఎందుకంటే లోపల మెదడు కదలకుండా అది పట్టుకోలేదు కదా.

ఇదంతా కబడ్డీకి ఎందుకు అంటారా? మన ఆటలో యాంకిల్ హోల్డ్, థై హోల్డ్ ఎలాగూ కిందనే ఉంటాయి, అక్కడ రైడర్ మోకాలు గడ్డానికి తగిలే ప్రమాదం. డాష్ కొట్టేటప్పుడు, అంటే రైడర్‌ని ఢీకొట్టి గీత బయటికి తోసేటప్పుడు, ఇద్దరు రెండువైపుల నుంచి ఒకేసారి మీద పడేటప్పుడు మాత్రం రగ్బీ కథే. ఇద్దరూ ఒకే ఎత్తులో వెళ్ళకూడదు, ఒకడు కిందికి, ఒకడు నడుముకు అని ముందే మాట్లాడుకోవాలి. ఇంత చిన్న సంగతి మావాడికి ఎవరూ చెప్పలేదు. కూత ఆపకుండా ఉండటం నేర్పారు, బోనస్ గీత నేర్పారు, తల సంగతి నేర్పలేదు.

ఊళ్ళల్లో పోటీలు పెట్టేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. తలకు తగిలినవాణ్ణి ఆ రోజుకి బయట కూర్చోబెట్టండి, వాడు "బాగున్నా" అన్నా సరే. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలి, మెదడు వాచి చనిపోయిన పిల్లలున్నారు. ఉత్తర ఐర్లండ్‌లో 2011లో బెంజమిన్ రాబిన్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు స్కూల్ రగ్బీ మ్యాచ్‌లో అలాగే పోయాడు. ఆ పేరు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బ్రిటన్‌లో కిందిస్థాయి ఆటలకు పెట్టిన మార్గదర్శకాల్లో కనీసం 21 రోజులు పోటీ ఆడకూడదని ఉంది. మేమూ అదే పట్టుకున్నాం. నిన్న పదహారో రోజు, వాడు బూట్లు తీసి పెట్టుకుని "మామా, ఆదివారం ఒక్క కూతకన్నా వెళ్తా" అన్నాడు. తలనొప్పి పూర్తిగా పోయిందా అని అడిగితే సాయంత్రం పూట కొంచెం ఉందన్నాడు. బూట్లు తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను.