చిహువావా వేషంలో కిమేరా

అక్క కూతురికి రాత్రిళ్లు పెర్సీ జాక్సన్ అనే కుర్రాడి సాహసాల నవలల్లో మొదటి పుస్తకం (2005) చదివి వినిపిస్తున్నాను. అమెరికాలోని సెయింట్ లూయిస్ ఆర్చ్ ఘట్టం వచ్చేసరికి దానికంటే నాకే టెన్షన్ ఎక్కువైంది. 630 అడుగుల కట్టడం పైన పన్నెండేళ్ల పెర్సీ, స్నేహితులు ముందే లిఫ్టులో దిగిపోయారు. ఎదురుగా ఓ లావుపాటి ఆవిడ, పక్కన బుల్లి చిహువావా. ఆ కుక్కే కిమేరా, గ్రీకు పురాణాల్లోని రాక్షస జంతువు!

"పిన్నీ, ఆవిడ దాని ఓనరా?"
"ఓనరు కాదే, కన్నతల్లి. పేరు ఎకిడ్నా."
దుప్పటి ముక్కు దాకా లాక్కుంది.

ప్రాచీన గ్రీకు కవి హోమర్ తన ఇలియడ్ కావ్యంలో కిమేరాని రెండు ముక్కల్లో తేల్చేశాడు. ముందు సింహం, వెనక పాము, మధ్యలో మేక, నోట్లోంచి మంటలు. ఆ మేక ఎందుకో అని నాకెప్పుడూ నవ్వే. ఇటలీలోని అరెజ్జోలో 1553లో దొరికిన కంచు కిమేరా ఫొటో చూశాక నవ్వు ఆగిపోయింది. వీపులోంచి పొడుచుకొచ్చిన మేక తల, దాని మెడ మీద గాయం, కారుతున్న నెత్తురు.

పురాణంలో బెల్లెరోఫోన్ అనే వీరుడికి రెక్కల గుర్రం పెగాసస్ ఉంది కాబట్టి పైనుంచి దాడి చేసి చంపాడు. పెర్సీకేముంది? తోక పాము పిక్క కరిచింది, కత్తి చేజారి నదిలో పడింది. ఇక మిసిసిపీలోకి దూకడమే. గెలవడు, బతికి బయటపడతాడంతే. నాకు నచ్చిందే అది.

2010 సినిమాలో ఈ ఘట్టం ఎత్తేసి చాలా తలల పాము హైడ్రాతో సరిపెట్టారు. ఆ కోపం ఇంకా పోలేదు. 2023లో మొదలైన టీవీ సిరీస్‌లో మాత్రం ఆర్చ్, కిమేరా రెండూ ఉన్నాయి, పుస్తకం అయ్యాకే చూపిస్తానని చెప్పాను.