ఆ పద్యం వేమనది కాదు

ఎం.ఏ. తెలుగు రెండో సెమిస్టర్‌లో వేమన మీద సెమినార్ పేపర్ రాశాను. ఫోన్‌లో వెతికితే దొరికిన ఒక పద్యాన్ని అందులో పెట్టేశాను. చివర 'విశ్వదాభిరామ వినురవేమ' అని ఉంది. ఇంకేం అనుమానం వస్తుంది?

మేడమ్ చదివి, "ఇది ఏ ప్రతిలోదమ్మా?" అన్నారు. చెప్పలేకపోయాను. ఆవిడ కోప్పడలేదు. చాక్‌పీస్ చేతికిచ్చి బోర్డు మీద గణవిభజన చెయ్యమన్నారు, అంటే పాదాలను గురులఘువుల లెక్కన గణాలుగా విడగొట్టమన్నారు. వేమన పద్యాలకు అలవాటైన ఛందస్సు ఆటవెలది. అందులో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నా పద్యం రెండో పాదంలోనే తప్పింది. మూడో పాదంలో మొదటి అక్షరంతో కుదరాల్సిన యతి లేదు, దాని బదులు వాడే ప్రాసయతీ లేదు. ఎవరో నాలుగు మాటలు రాసి మకుటం అతికించారు. పరీక్ష కోసం బట్టీపట్టిన ఛందస్సు దేనికి పనికొస్తుందో నాకు ఆ రోజు తెలిసింది.

సాయంత్రం లైబ్రరీలో వేమన పద్యాల సంపుటాలు ముందేసుకుని కూర్చున్నాను. తెలుగు నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ దొర 1829లోనే వీటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. నా పద్యం ఏ సంపుటంలోనూ కనిపించలేదు.

నెట్ మాత్రం వదల్లేదు. మా ఇంట్లో ఒక్క నిఘంటువూ లేదు. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో మాట కొడితే బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు అర్థాలన్నీ ఒకే చోట కనిపిస్తాయి. అది తయారుచేసినవాళ్లకు మనసారా దణ్ణం పెడతాను.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ప్రతి పద్యం కింద సంపుటం పేరు, పేజీ నంబరు రాసుకుంటున్నాను. ఆ ఒక్క పద్యం కింద ఖాళీ. కొట్టేయబుద్ధి కాలేదు, ఎవరు రాశారో తెలుసుకోవాలని ఉంది.